కంప్యూటర్లు కొన్నారు సరే, మనిషేడీ?

పిల్లల్ని కొత్త స్కూల్లో చేర్చడానికి వెళ్లినప్పుడు ఈ మధ్య తప్పకుండా చూపించే గది ఒకటుంది. గాజు తలుపులు, రంగురంగుల కుర్చీలు, గోడ పొడవునా కంప్యూటర్లు, ఒక మూల పుస్తకాల అరలు, ఇంకో మూల కెమెరా, మైకు. తలుపు మీద ‘మీడియా సెంటర్’ అని రాసి ఉంటుంది. గది బాగానే ఉంటుంది, కాదనను. కానీ నేను అడిగే మొదటి ప్రశ్న కంప్యూటర్ల గురించి ఉండదు. ఇక్కడ రోజంతా ఎవరుంటారు? పిల్లవాడికి సందేహం వస్తే ఆ గంటలోనే ఇక్కడికి రావచ్చా? చాలాచోట్ల వచ్చే జవాబు ఒకటే: “వారానికి ఒక పీరియడ్ ఉంటుందండీ. మిగతా టైమ్‌లో తాళం వేసి ఉంచుతాం. ఖరీదైన సామాను కదా.”

నేను కొన్నేళ్లు ఇలాంటి సెంటర్లో పనిచేశాను. ఆ అనుభవంతోనూ, ఆ తర్వాత చదివిన దానితోనూ ఒక మాట గట్టిగా చెప్పగలను. మీడియా సెంటర్ నడిచేది అందులో ఉన్న మనిషి వల్ల. స్కూలు దగ్గర డబ్బు తక్కువగా ఉంటే ముందు ఖర్చు పెట్టాల్సింది శిక్షణ ఉన్న ఒక లైబ్రేరియన్ జీతం మీద. పరికరాలు ఆ తర్వాత, వీలైనన్ని. ఈ మాట అంటే పాతకాలపు ఆలోచన అనుకునేవాళ్లున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అసలు మీడియా సెంటర్ అనే ఆలోచన కంప్యూటర్లతో పుట్టింది కూడా కాదు. 1969లో అమెరికాలో స్కూలు లైబ్రేరియన్ల సంఘమూ, ఆడియో విజువల్ బోధన చూసే ఉపాధ్యాయుల విభాగమూ కలిసి స్కూళ్లకు కొన్ని ప్రమాణాలు రాశాయి. అప్పటిదాకా పుస్తకాలు ఒక గదిలో, ఫిల్ములూ టేపులూ ఇంకో గదిలో, వేర్వేరు మనుషుల చేతుల్లో ఉండేవి. ఒక విషయం తెలుసుకోవాలనుకున్న పిల్లకి అది పుస్తకంలో దొరికినా ఒకటే, ఫిల్ములో దొరికినా ఒకటే. అలాంటప్పుడు రెండు గదులెందుకు, అన్నీ ఒకేచోట ఉండాలని ఆ ప్రమాణాలు చెప్పాయి. వాటితోపాటు ప్రతి 250 మంది విద్యార్థులకు పూర్తికాలం పనిచేసే నిపుణుడు ఒకరుండాలని కూడా చెప్పాయి. సామాన్లన్నీ ఒకచోటికి చేర్చడమనే సగం ఆలోచన ప్రపంచమంతా తిరిగింది. రెండో సగం దారిలోనే చాలాచోట్ల జారిపోయింది.

పరికరాలు మాత్రమే ఇస్తే ఏమవుతుందో ఇప్పుడు ఊహించుకోనవసరం లేదు, చూశాం. పెరూలో వేల సంఖ్యలో ప్రాథమిక పాఠశాలలకు పిల్లవాడికో ల్యాప్‌టాప్ చొప్పున ఇచ్చారు. 2012లో ఆర్థికవేత్తలు 319 గ్రామీణ పాఠశాలలను పరిశీలించి ఫలితాలు ప్రకటించారు. పిల్లలు కంప్యూటర్ వాడటం బాగా పెరిగింది. సాధారణ ఆలోచనా సామర్థ్యాల్లో కొంత మెరుగు కనబడింది. లెక్కల్లో, భాషలో మాత్రం తేడా ఏమీ లేదు. 2015లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) తెచ్చిన నివేదికది కూడా ఇదే ధోరణి. స్కూళ్లలో కంప్యూటర్ల మీద భారీగా పెట్టుబడి పెట్టిన దేశాల్లో చదవడం, లెక్కలు, సైన్సు, ఆ సంస్థ 15 ఏళ్ల పిల్లలకు దేశదేశాల్లో పెట్టే పీసా పరీక్షల్లో దేనిలోనూ చెప్పుకోదగ్గ మెరుగు కనబడలేదు.

“మా పిల్లలకి ఇవన్నీ నేర్పక్కర్లేదండీ, ఫోన్ చేతిలో పెట్టుకునే పుట్టారు” అనే మాట తల్లిదండ్రుల దగ్గర ఎన్నోసార్లు విన్నాను. ప్రేమతోనే అంటారు. కానీ అది నిజం కాదు. 2018లో ఐసీఐఎల్ఎస్ అనే అంతర్జాతీయ అధ్యయనం పలు దేశాల్లో 8వ తరగతి పిల్లలకు కంప్యూటర్ మీదే పరీక్ష పెట్టింది. సమాచారం వెతకడం, దాని నాణ్యత తేల్చుకోవడం, దాంతో ఏదైనా తయారుచేయడం లాంటివి. అన్నిటికన్నా పై స్థాయికి చేరినవాళ్లు 2 శాతం. అట్టడుగు స్థాయిని కూడా అందుకోలేనివాళ్లు 18 శాతం. అదే ఏడాది జరిగిన పీసా పరీక్షలో ఓఈసీడీ దేశాల 15 ఏళ్ల పిల్లల్లో నిజానికీ అభిప్రాయానికీ తేడా చెప్పగలిగినవాళ్లు సగటున 47 శాతమే. స్క్రీన్ మీద వేలు చకచకా ఆడుతోందంటే, దాని మీద ఉన్నదేమిటో అర్థమవుతోందని కాదు.

2016లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు అమెరికాలోని 12 రాష్ట్రాల విద్యార్థుల నుంచి 7,804 జవాబులు సేకరించి చూశారు. ఒక వెబ్‌సైట్ మొదటి పేజీ చూపించి ఏది వార్త, ఏది ప్రకటన అని అడిగారు. ‘స్పాన్సర్డ్ కంటెంట్’ అని స్పష్టంగా రాసి ఉన్న ప్రకటనను మిడిల్ స్కూలు పిల్లల్లో 80 శాతానికి పైగా నిజమైన వార్తే అనుకున్నారు. ఆ రెండు మాటలూ వాళ్లు చదివారు. వాటి వెనక ఒకరు డబ్బు కట్టి ఉంటారని వాళ్లకి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ బృందమే చేసిన ఇంకో పరిశీలన గురించి చదివాక నేను పనిచేసే పద్ధతే మారిపోయింది. పది మంది చరిత్ర ప్రొఫెసర్లను, వృత్తిగా ఫ్యాక్ట్ చెకింగ్ చేసే పది మందిని, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను కూర్చోబెట్టి రెండు వెబ్‌సైట్లు ఇచ్చారు. రెండూ పిల్లల డాక్టర్ల సంఘాలవే. ఒకటి 1930 నుంచి ఉన్న, వేలాది మంది సభ్యులున్న సంఘం. రెండోది 2002లో దాన్నుంచి విడిపోయిన ఒక చిన్న వర్గం. చూడటానికి రెండూ ఒకేలా గంభీరంగా ఉంటాయి. విద్యార్థుల్లో ఎక్కువమంది చిన్న వర్గం సైటే నమ్మదగిందన్నారు. ప్రొఫెసర్లలో కూడా కొందరు తడబడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు ఒక్కరు కూడా తడబడలేదు. వాళ్లు చేసిందల్లా ఆ పేజీని వెంటనే వదిలేయడం. పక్కన కొత్త ట్యాబ్ తెరిచి ఈ సంఘం గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. మిగతావాళ్లు ఆ పేజీలోనే ఉండిపోయి లోగో ఎలా ఉంది, ఫుట్‌నోట్లు ఉన్నాయా, భాష మర్యాదగా ఉందా అని కింది దాకా చదువుకుంటూ పోయారు.

ఇప్పటికీ ఎన్నో స్కూళ్ల మీడియా సెంటర్లలో గోడకి ఒక చెక్‌లిస్టు అతికించి ఉంటుంది. సైటు అడ్రసు చివర ఏముంది, ‘మా గురించి’ పేజీ ఉందా, తేదీ ఉందా, రచయిత పేరు ఉందా. మోసం చేయదలుచుకున్నవాడు ఇవన్నీ ఒక పూటలో పెట్టేయగలడు. ఆ కాగితం పీకేయమని నా సలహా. దాని బదులు, నెట్‌లో సమాచారం సరిచూసుకోవడం నేర్పే మైక్ కాల్‌ఫీల్డ్ 2019లో ‘సిఫ్ట్’ పేరుతో చెప్పిన నాలుగు పనులు పిల్లలతో చేయించవచ్చు: ఆగడం, ఈ మాట ఎవరిదో కనుక్కోవడం, ఇదే సంగతి మెరుగైన చోట ఎలా వచ్చిందో చూడటం, ఫొటో అయినా కొటేషన్ అయినా అంకె అయినా దాని మూలం దాకా వెళ్లడం. దీనికి పట్టే సమయం ఒక్కోసారి నిమిషం కూడా ఉండదు. అయితే ఇది చెబితే వచ్చేది కాదు, పక్కన కూర్చుని చేయించాలి. పిల్లకి నిజంగా కావాల్సిన ప్రశ్న మీదే చేయించాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. 8వ తరగతి అమ్మాయి ఒకతె ‘తేనెటీగలు అంతరించిపోతున్నాయి’ అన్న ప్రాజెక్టుతో వచ్చింది. రెండు పేజీలు అప్పటికే రాసుకుంది. మొదటి వాక్యం: తేనెటీగలు లేకపోతే మనిషి నాలుగేళ్లకి మించి బతకడని ఐన్‌స్టీన్ అన్నాడు. ‘ఎక్కడన్నాడు?’ అని అడిగాను. నెట్‌లో అంతటా ఉందంది. నిజమే, అంతటా ఉంది. అయితే ఏ పుస్తకంలో, ఏ ఉత్తరంలో, ఏ ప్రసంగంలో అన్నాడో వెతుకుదాం రమ్మన్నాను. ఎంత వెతికినా అలాంటిదేమీ దొరకలేదు. ఆయన చనిపోయింది 1955లో. ఈ మాట బాగా ప్రచారమైంది 1994లో, బ్రస్సెల్స్‌లో తేనెటీగల పెంపకందార్లు నిరసన తెలుపుతూ పంచిన కరపత్రంతో. అప్పటికి ఆ అమ్మాయికి ఉత్సాహం వచ్చింది. ఒక పెద్ద అబద్ధాన్ని పట్టుకున్న ఉత్సాహం అది.

తర్వాత అసలు చిక్కు వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కలు తెరిచి చూస్తే, ప్రపంచం మొత్తం మీద పెంపకంలో ఉన్న తేనెపట్టు పెట్టెల సంఖ్య 1961 నుంచి తగ్గలేదు, పెరిగింది. ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. “అంటే నా ప్రాజెక్టు మొత్తం తప్పేనా?” అంది. టాపిక్ మార్చేస్తానంది.

ఈ క్షణం గురించే నేను ఇంత రాస్తున్నది. కెరల్ కుల్తౌ అనే పరిశోధకురాలు 1980ల నుంచి, విద్యార్థులు సమాచారం వెతికేటప్పుడు వాళ్ల మనసులో ఏం జరుగుతుందో గమనిస్తూ వచ్చారు. ఆవిడ చూసిన క్రమంలో ఆరు దశలున్నాయి. మొదట్లో కొంత బెరుకు ఉంటుంది. టాపిక్ ఎంచుకోగానే ధైర్యం వస్తుంది. మూడో దశలో, నాలుగైదు చోట్ల చదివి ఒకదానికొకటి పొసగని సంగతులు ఎదురైనప్పుడు ఆ ధైర్యం దెబ్బతింటుంది. గందరగోళం, అనుమానం, చిరాకు, అన్నీ అక్కడే. పిల్లలు వదిలేసేదీ, కాపీ కొట్టేదీ అక్కడే. దాన్ని దాటి తనకంటూ ఒక దృష్టి ఏర్పడిందా, మిగతా పని హాయిగా సాగుతుంది. పిల్ల తెలివితక్కువ వల్ల వచ్చే గందరగోళం కాదది. వెతకడంలో భాగంగా అందరికీ వచ్చేదే. ఈ సంగతి తెలిసిన పెద్దవాళ్లు ఎవరైనా ఆ సమయానికి పక్కన ఉంటే పిల్ల నిలబడుతుంది.

ఆ అమ్మాయిని అడిగాను, ‘ఏ తేనెటీగలు?’ అని. ఈ కుటుంబంలో 20,000కు పైగా జాతులున్నాయి. మనుషులు పెట్టెల్లో పెంచేవి వాటిలో ఏ కొన్నో. మిగతావి నేలలో, చెట్ల తొర్రల్లో, చాలావరకు ఒంటరిగా బతికేవి. పెట్టెల లెక్కలో అవి రావు. వాటిలో కొన్నింటికి నిజంగానే ప్రమాదం ఉంది. అమెరికాలో ఒక బంబుల్ బీ జాతిని 2017లో అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు. పెంపకం ఈగలకీ బాధలు లేకపోలేదు, 2006 శీతాకాలంలో అమెరికాలో పెట్టెలకి పెట్టెలే ఖాళీ అయ్యాయి. తేనెటీగలకి హాని చేస్తాయని యూరోపియన్ యూనియన్ 2018లో మూడు రకాల పురుగుమందులను ఆరుబయట వాడకుండా నిషేధించింది. ఇవన్నీ ఆ అమ్మాయే వెతికి తెచ్చుకుంది. నేను కీవర్డులు మార్చి చూడమన్నాను, ఒక పేజీ ఎవరిదో కనుక్కోమన్నాను, అంతే. చివరికి ప్రాజెక్టు పేరు ‘మనం లెక్కపెట్టని తేనెటీగలు’ అయింది. ఆ పేరు కూడా తనే పెట్టింది.

ఇక ఏఐ సంగతి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి నన్ను అడుగుతున్న ప్రశ్న: జవాబు నేరుగా దొరుకుతుంటే వెతకడం నేర్పే సెంటర్ ఇంకా ఎందుకు? కుల్తౌ చెప్పిన మూడో దశ గుర్తుంటే జవాబు తెలుస్తుంది. ఏఐ ఇచ్చే నున్నటి పేరాలో ఆ గందరగోళం ఉండదు. పొసగని రెండు అంకెలు పిల్ల కంటబడవు, ‘ఏ తేనెటీగలు?’ అన్న ప్రశ్న పుట్టదు. నేర్చుకునే చోటునే ఎత్తేసి ఫలితాన్ని చేతిలో పెడుతుంది. పైగా లేని పుస్తకాలని, లేని వ్యాసాలని ఉన్నట్టే రాయగలదు. 2023లో న్యూయార్క్‌లో లాయర్లు ఏఐ కల్పించిన కోర్టు తీర్పులను నిజమనుకుని తమ పిటిషన్‌లో పెట్టేశారు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. లా చదివి, ప్రాక్టీసు చేస్తున్నవాళ్లే తీర్పుల మూలాలు సరిచూసుకోలేదు. పదమూడేళ్ల పిల్లవాడు తనంతట తానే చూసుకుంటాడని ఎలా అనుకుంటాం?

అలాగని సెంటర్లో ఏఐని నిషేధించమని నేను చెప్పను. ఇంటికెళ్లి ఎలాగూ వాడతారు. ఒక అంశం మీద పది పుస్తకాలు చెప్పమని పిల్లల చేతే ఏఐని అడిగించండి. ఆ పదింటినీ లైబ్రరీ కేటలాగుల్లో వెతికించండి. ఏవి ఉన్నాయి, ఏవి లేవు, పుస్తకం ఉన్నా రచయిత పేరు ఎక్కడ మారింది, అన్నీ రాసుకోమనండి. దీనికి ఒక్క పీరియడ్ చాలు. ఏఐతో జాగ్రత్త అని గంటసేపు చెప్పే ఉపన్యాసం కన్నా ఇది ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

పీరియడ్ అంటే గుర్తొచ్చింది. వారానికోసారి లైబ్రరీ పీరియడ్ అనే ఏర్పాటు నాకు ఏమాత్రం నచ్చదు. అసలు చాలాచోట్ల అది పెట్టేది పిల్లల కోసం కానే కాదు, క్లాస్ టీచర్‌కి ఒక గంట ఖాళీ దొరకాలని. సోమవారం సైన్సు క్లాసులో వచ్చిన ప్రశ్న గురువారం మూడో పీరియడ్ దాకా ఆగదు. ప్రాజెక్టు నడుస్తున్నంతకాలం రోజూ రావాలి, అయిపోయాక రెండు వారాలు రాకపోయినా పర్వాలేదు. క్లాసు మధ్యలో నలుగురు పిల్లలు లేచి వచ్చి ఇరవై నిమిషాల్లో తిరిగి వెళ్లే వీలుండాలి. దీనికి టీచర్లు ఒప్పుకోవాలి, ప్రిన్సిపాల్ వెనక నిలబడాలి. స్కూలు వదిలాక కూడా తెరిచి ఉంచాలి. ఎందుకంటే ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలున్నారు. ఇంట్లో అందరికీ కలిపి ఒక్క ఫోనే ఉన్న పిల్లలున్నారు. ఆ చిన్న తెర మీద మూడు పేజీల రిపోర్టు టైప్ చేయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. అలాంటి పిల్లలకి గేటు మూయకుండా ఉన్న ఆ గంటన్నరే దిక్కు.

మైకు, కెమెరా ఉన్న మూల గురించి కూడా ఒక మాట. అవి వృథా ఖర్చు అని నేననను. పిల్లలు ఎవరినైనా ఇంటర్వ్యూ చేసి, ఆ రికార్డింగ్‌ని తామే ఎడిట్ చేసినప్పుడు ఒక సంగతి వాళ్లకి తెలిసొస్తుంది. మధ్యలో ఒక్క వాక్యం తీసేస్తే మాట్లాడిన మనిషి అన్నదానికి పూర్తి వ్యతిరేకం వినిపిస్తుంది. ఆ కత్తిరింపు స్వయంగా చేసి చూసినవాడు, ఆ తర్వాత ఎవరైనా పంపిన పదిహేను సెకన్ల వీడియోను అంత తేలిగ్గా నమ్మడు. ఇతరుల ఫొటో, సంగీతం వాడుకోవాలంటే అనుమతి కావాలని, క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల (తమ పనిని ఇతరులు వాడుకోవచ్చని సృష్టికర్తలు ముందే ఇచ్చే అనుమతుల) కింద ఏది ఏ షరతు మీద తీసుకోవచ్చో, అదంతా కూడా తామే ఒకటి తయారుచేస్తున్నప్పుడే బుర్రకెక్కుతుంది.

లైబ్రేరియన్ ఉంటే చదువు మెరుగవుతుందనడానికి ఆధారం ఏమిటని అడగడం న్యాయమే. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో పరిశోధకుడు కీత్ కర్రీ లాన్స్, ఆయన సహచరులు 1993లో మొదటి పెద్ద అధ్యయనం ప్రకటించారు. తర్వాత చాలా రాష్ట్రాల్లో అదే పని జరిగింది. మంచి లైబ్రరీ సిబ్బంది ఉన్న స్కూళ్లలో పిల్లల చదవగలిగే శక్తిని చూసే పరీక్షల్లో మార్కులు ఎక్కువగా ఉన్నాయని, పిల్లల కుటుంబాల పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలిచిందని తేలింది. అయితే ఇవి రెండు విషయాలు కలిసి నడుస్తున్నాయని చూపించేవి. ఒకటి రెండోదానికి కారణమని పూర్తిగా నిరూపించేవి కావు. బాగా నడిచే స్కూలు మంచి లైబ్రేరియన్‌ని పెట్టుకునే అవకాశమూ ఎక్కువే కదా. అమెరికాలోనే ఒహాయో రాష్ట్రంలో 39 స్కూళ్లలో 13,123 మంది పిల్లల్ని అడిగితే 99.4 శాతం మంది లైబ్రరీ ఏదో ఒక రకంగా సాయపడిందన్నారు. ఈ అంకెను కొందరు జెండాలా ఊపుతారు. నేను అంత దూరం వెళ్లను, సాయపడిందనడం వేరు, నేర్చుకున్నారనడం వేరు. లైబ్రరీల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా, యునెస్కో కలిసి 1999లో తెచ్చిన స్కూల్ లైబ్రరీ మేనిఫెస్టో చెప్పే మాట నా అనుభవానికి దగ్గరగా ఉంది. లైబ్రేరియన్లు, టీచర్లు కలిసి పనిచేసినప్పుడు పిల్లల చదువు, సమస్యలు పరిష్కరించుకునే శక్తి, టెక్నాలజీ నైపుణ్యాలు మెరుగవుతాయన్నది అందులో ఉంది. ఆ వాక్యంలో నాకు ముఖ్యమైన మాట ‘కలిసి’ అన్నదే.

ఆ కలవడం ఎప్పుడు జరగాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ స్కూళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. టీచర్ ప్రాజెక్టు ఇచ్చేస్తారు, పిల్లలు ముప్పై మందీ ఒకే ప్రశ్నతో సెంటర్ మీద పడతారు, లైబ్రేరియన్‌కి అప్పుడే తెలుస్తుంది. ‘గ్రహాల గురించి రాయండి’ అని ఇస్తే ఏ సెంటర్ అయినా ఏం చేయగలదు? మొదటి లింకులోంచో ఏఐ నుంచో కాపీ చేసుకోవడానికే ఆ ప్రశ్న పనికొస్తుంది. అదే టీచర్, లైబ్రేరియన్ ముందుగా కూర్చుంటే ప్రశ్నే మారిపోతుంది. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోను గ్రహాల జాబితాలోంచి తీసేసింది. ఏ కారణం చెప్పింది? ఒప్పుకోని శాస్త్రవేత్తల వాదనేమిటి? నువ్వు ఓటేస్తే ఏ పక్షం? దీనికి పిల్లలు కనీసం రెండు వైపులా చదవాలి, ఎవరు ఏ హోదాలో మాట్లాడుతున్నారో చూడాలి, చివరికి తమ మాట తామే రాయాలి. ఏ పుస్తకాలు అరలో ఉన్నాయి, ఏ వెబ్‌సైట్ల దగ్గర పిల్లలు చిక్కుకుంటారు, ఏ రోజు ఎవరి పక్కన కూర్చోవాలి అన్నది లైబ్రేరియన్ అప్పుడే ఆలోచించి పెట్టుకుంటుంది. ఒక యూనిట్‌కి ఇద్దరూ కలిసి కూర్చోవాల్సింది అరగంట. ఆ అరగంట టైమ్‌టేబుల్‌లో రాసి ఉందా అని మీ పిల్లల స్కూల్లో అడగండి.